అటకమీది గరిటె, ఇస్త్రీపెట్టెలో అభ్రకం

నేనేం ఉద్యోగం చేస్తానో మా ఆత్మకూరు అత్తని అడిగి చూడండి. "అదేందో, వస్తువులకి మార్కులేస్తుంది" అంటుంది. మాట వాస్తవమే. పాతికేళ్ళుగా పత్రికల్లో కొత్త కొత్త సామాన్ల గురించి రాసి బతుకుతున్నాను. ఫోన్లు, మిక్సీలు, గోడలకంటించే టీవీలు, నూనె లేకుండా అప్పడాలు వేయిస్తామనే పొయ్యిలు. కంపెనీవాళ్ళు పంపిన పెట్టె విప్పడం, పదిరోజులు వాడడం, బాగుంటే బాగుందనీ లేకపోతే లేదనీ రాసి, పెట్టె మళ్ళీ కట్టి పంపెయ్యడం. మా యింట్లో అట్టపెట్టెలకి కొదవ లేదు. వస్తువులకి మాత్రం వుంది.

ఆమధ్య వొకరోజు అత్త ఫోను చేసింది. ఆవిడకి డెబ్భై యెనిమిదేళ్ళు.

"ఏమ్మే, మీ బావ అమెరికా నుంచి నాన్‌స్టిక్ పెనం పంపించాడు. దాంట్లో వొక కాయితం వుండాది. ఇనప అట్లకాడ తగలనీయకూడదంట, స్టీలు గరిటె పెట్టకూడదంట. చెక్కది వాడాలంట. యీ కాలంలో చెక్క గరిటె యాడ తెచ్చేదే?"

నాకు నవ్వాగలేదు. ఎందుకంటే మా అవ్వ పుట్టిల్లు ఉదయగిరి. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ మూటలో రెండో మూడో చెక్క గరిటెలు తెచ్చుకునేది. సాంబారుకొకటి, పులుసుకొకటి, ఊరగాయ జాడీకొకటి. స్టీలు సామాన్ల షోకు పట్టుకున్నప్పుడు, నలభై ఏళ్ళ కిందట, వాటన్నిటినీ గోనెసంచిలో పోసి అటకెక్కించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మా అత్తే.

"అత్తా, అటక చూడు" అన్నాను.

ఆ రోజంతా ఆ పెనమూ గరిటే నా బుర్రలో తిరుగుతూనే వున్నాయి. కొత్త వస్తువులు ఎక్కడో సముద్రాలవతల పుట్టి మన యింటికి వస్తాయనీ, మనం వాటిని వాడుకునే వాళ్ళం మాత్రమేననీ నేను కూడా అందరిలాగే అనుకుంటూ వచ్చాను. అలాగే రాశాను కూడా. పడమటి నెల్లూరు ఎండలో పుట్టిన మనిషిని, ఆ పొరపాటు చెయ్యకుండా వుండవలసింది.

ముందు గరిటె సంగతి. ఉదయగిరి అనగానే చరిత్ర చదువుకున్నవాళ్ళకి కోట గుర్తొస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గజపతుల చేతుల్లోంచి దాన్ని లాక్కున్నాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ గుడి హంపీలో యిప్పటికీ వుంది. రాజులు పోయారు, బురుజులు కూలాయి. ఆ దుర్గం కొండ పక్కన మిగిలిన పరిశ్రమ వొక్కటే, చెక్క చెంచాలూ గరిటెలూ. నర్ది, బిక్కి, కల్ది, దేవదారు అని ఆ చుట్టుపక్కల అడవుల్లో దొరికే కర్ర వాటికి ముడిసరుకు. చాలామటుకు ముస్లిం కుటుంబాలవాళ్ళు తరతరాలుగా చేస్తున్నారు. రంపంతో కోసి, బాడిశతో చెక్కి, ఆకురాయితో అరగదీసి నునుపు తేల్చాలి. పనిలో యింటిల్లిపాదికీ భాగం వుంటుంది గాని, ఆ అరగదీసే చేతుల్లో ఆడవాళ్ళ చేతులే ఎక్కువ. వంటపని అయ్యాక, పిల్లలు బడికి పోయాక, వసారాలో కూర్చుని, కాలి వేళ్ళ మధ్య గరిటె కాడ పట్టుకుని.

స్టీలూ, తర్వాత ప్లాస్టిక్కూ వచ్చి యీ గరిటెల్ని దాదాపు కొట్టేశాయి. ఆనాడే మా అత్తలాంటి వాళ్ళు లక్షలమంది అటకలెక్కి దిగారు మరి! అలాంటి సరుకుకి మళ్ళీ గిరాకీ వచ్చిందంటే, అందులో నాన్‌స్టిక్ పెనానికీ కొంత భాగం వుంది.

ఆ పెనం కథలో తమాషా వొకటుంది. గిన్నెకి అంటుకోని ఆ తెల్లటి పదార్థాన్ని 1938లో అమెరికాలో ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త అనుకోకుండా కనిపెట్టాడు. ఆయన వెతుకుతున్నది శీతలయంత్రాల్లో వాడే వాయువు. సీసాలోంచి వాయువు రాకపోతే కోసి చూశాడు, లోపల మైనంలాంటి పొడి. చాలాకాలం దాన్ని వంటింటి దరిదాపులకి ఎవరూ తేలేదు. ఫ్రాన్సులో గ్రెగ్వార్ అనే యింజనీరు చేపలుపట్టే గాలపు సామాను అంటుకోకుండా వుండడానికి దాన్ని పూసుకుంటూ వుంటే, ఆయన భార్య కొలెట్, ఆ పూసేదేదో నా బాణలికి పూయరాదా అందట. 1950ల నాటి మాట. ఆ సలహా మీద పుట్టిందే టెఫాల్ కంపెనీ.

యిలాంటిదే మన మిక్సీ కథ కూడా. 1960లలో మాథుర్ అనే యింజనీరు భార్య మాధురి వాడుతున్న జర్మనీ మిక్సీ పాడైంది. పాడవక ఏం చేస్తుంది? పాపం, ఆ దేశంలో దానికి పళ్ళరసాలూ కేకుపిండీ తప్ప తెలియవు. మనం దానిచేత నానిన మినప్పప్పు, ఎండు మిరపకాయలు, పసుపుకొమ్ములు నలిపించబోయాం. మన పప్పుకి, మన పచ్చడికి ఆగే మోటారు పెట్టి ఆయన చేసిందే సుమీత్. యీ రెండు కథల్లోనూ వస్తువుకి పేటెంటు వొకరిది, అవసరం యింకొకరిది. ఆ రెండోపేరు కథ చెప్పేవాళ్ళు నవ్వుకుంటూ కలిపే ముచ్చటగా మిగిలింది. నేను రాసిన వందలాది వ్యాసాల్లో కొలెట్ పేరు వొక్కసారీ రాయలేదు. యిప్పుడు సిగ్గుపడుతున్నాను.

సరే, పెనం దించి పక్కన పెడదాం. ఇస్త్రీపెట్టె దగ్గరికి రండి.

నా చిన్నప్పుడు ఆత్మకూరులో మా యింట్లో బొగ్గుల ఇస్త్రీపెట్టె వుండేది. అవ్వ దాన్ని విసనకర్రతో విసురుతుంటే నిప్పురవ్వలు లేచి, పండక్కి కుట్టించిన గౌను మీద ఎక్కడ పడతాయోనని గుండెలు అరచేతిలో పెట్టుకునేదాన్ని. తర్వాత కరెంటుది వచ్చింది. వొకనాడు అది వేడెక్కడం మానేస్తే నాన్నతోపాటు బజారులో బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన మరలు విప్పి, పైనున్న బరువు ఎత్తి, అడుగు నుంచి రెండు పల్చటి రేకులు తీశాడు. వాటి మధ్య సన్నటి తీగ చుట్టిన యింకో రేకు. గాజులా వుంది, గాజు కాదు. గోరుతో తీస్తే ఉల్లిపొరలా పొర లేస్తోంది.

"యిదేందో తెలుసునా పాపా? కాకిబంగారం. మీరు యేట్లో, గుట్టల్లో ఏరుకుంటారు చూడు, అదే. మన భూముల్లోదే. తీగ ఎర్రగా కాలినా యిది కాలదు. కరెంటుని పక్కకి పోనీదు. యిది లేకపోతే మీ యమ్మకి షాకే."

యిది మనదే అన్న ఆ మాట మరిచిపోయాను. ఎన్నో ఏళ్ళ తర్వాత భూగర్భశాస్త్రం పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు మళ్ళీ తగిలింది. నెల్లూరు అభ్రకం మేఖల అంటారు దాన్ని. దక్షిణాన గూడూరు నుంచి ఉత్తరాన పెన్న వొడ్డున వున్న సంగం దాకా సుమారు 60 మైళ్ళ పొడవున కొడవలిలా వంగి వుంటుంది. పాత తాలూకాల లెక్కన గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి. భూమి లోపల కరిగిన రాయి తీరుబడిగా చల్లారినచోట అభ్రకం పెద్దపెద్ద దిమ్మలుగా పేరుకుంటుంది. వాటిని పుస్తకాలు అనే అంటారు, పేజీల్లాగా విడిపోతాయి గనక. ఇనుకుర్తి గనిలో పది అడుగుల వెడల్పున్న పుస్తకాలు దొరికాయని నూరేళ్ళ కిందటి విజ్ఞానసర్వస్వాల్లో రాసి పెట్టారు. పది అడుగుల పుస్తకం! మా యింటి వంటిల్లే అంత లేదు.

బీహారు అభ్రకం ఎరుపు డాలు కొడుతుంది, మనది ఆకుపచ్చ. బీహారులో అంచుల్ని కొడవలితో చెక్కితే మన దగ్గర కత్తెరలతో కత్తిరించేవారు. గనిలోకి దిగేవాళ్ళు దిగితే, పైన పాకల్లో కూర్చుని పొరలు విడదీసే పనికి ఆడవాళ్ళని పెట్టుకునేవారు. వొకప్పుడు పిల్లల్ని కూడా. కాయితం కంటే పల్చగా, చిరగకుండా, మరక వున్నచోట ఆపి విడదీయాలంటే వేళ్ళకి చూపుండాలి. బియ్యంలో రాళ్ళేరిన వేళ్ళకి ఆ చూపు వుంటుందని కంపెనీవాళ్ళు కనిపెట్టారు గాబోలు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోయేదనీ, కూలి మాత్రం అంతంతేననీ వేరే చెప్పాలా!

ఆ రేకులు ఎక్కడికి పోయాయో వినండి. న్యూయార్కులో సీలీ అనే ఆయన కరెంటు ఇస్త్రీపెట్టెకి పేటెంటు తీసుకున్నది 1882లో. కాలినా తెగని నిక్రోం తీగ 1906లో వచ్చింది. ఆ తీగని అభ్రకం రేకు మీద చుట్టడంతో ఇస్త్రీపెట్టెలూ, రొట్టెలు కాల్చే టోస్టర్లూ యిళ్ళలోకి బయల్దేరాయి. రేడియో వాల్వుల్లో లోపలి తీగలు కదలకుండా పట్టుకునే చిల్లుల బిళ్ళ కూడా అభ్రకమే. కండెన్సరులో మడత మడతకీ మధ్య పెట్టిందీ అదే. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలకీ టాంకులకీ వైర్‌లెస్ సెట్లు కావలసి వచ్చినప్పుడు, యీ అభ్రకం కోసం బ్రిటిషువాళ్ళూ అమెరికన్లూ కలిసి 1942లో యిండియాకి ప్రత్యేకంగా వొక బృందాన్నే పంపించారు. పాకలో కూర్చుని పొర విడదీసిన మనిషికి ఆ రేకు ఎవరి విమానంలో ఎగిరిందో తెలిసి వుండదు. ఆవిడ యింట్లో ఇస్త్రీపెట్టే లేదు, రేడియో లేదు. దీపం బుడ్డే!

మా యింటికి రేడియో వచ్చిన రోజు అత్తకి బాగా గుర్తు. మీట తిప్పాక వాల్వులు వేడెక్కి మాట వినపడడానికి కాస్త సేపు పట్టేది. ఆ లోపల అవ్వ రెండు దణ్ణాలు పెట్టేదట. మద్రాసు కేంద్రం 1938 నుంచీ, విజయవాడ కేంద్రం 1948 నుంచీ వున్నాయి. మా తాతకి వార్తలు ప్రాణం. ఆ రోజుల్లో రేడియోకి లైసెన్సుండేది, మీలో పెద్దవాళ్ళకి జ్ఞాపకం వుంటుంది. యేటా పోస్టాఫీసుకి వెళ్ళి రుసుం కట్టి, పుస్తకంలో బిళ్ళలు అంటించుకోవాలి. 1980ల మధ్యలోగాని ఆ బెడద వదల్లేదు. మా యింట్లో ఆ పుస్తకం తాత పేరుమీద వుండేది. రేడియో తాత మంచం పక్కన బల్లమీద, మీట తాత చేతిలో. అవ్వ తలుపు వారన నిలబడి, చేటలో బియ్యం చెరుగుతూ పాటలు వినేది. వార్తల వేళకి "నువ్వు లోపలికి పో" అనకపోయినా, చెరిగిన చప్పుడుకి తాత వెనక్కి తిరిగి చూసేవాడు. ఆ చూపు చాలు.

"అమ్మ ఎప్పుడన్నా రేడియో మీట తిప్పిందా అత్తా?" అని మొన్న అడిగాను.

"తిప్పింది. మీ తాత పోయినాక. అప్పటికి దానికి బాటరీ సెట్టొచ్చేసింది. చేటలో పెట్టుకుని దొడ్లోకి తీసకపోయేది" అంది.

ఆ బాటరీ సెట్టే, అంటే ట్రాన్సిస్టరే, మన అభ్రకం గనుల్ని దెబ్బతీసింది. ట్రాన్సిస్టరుని 1947లో అమెరికాలో కనిపెట్టారు. 1960లలో మన వూళ్ళకి చేరింది. వాల్వు పోయింది, వాల్వులో బిళ్ళ పోయింది, కండెన్సర్లలో ప్లాస్టిక్ పొరలు వచ్చాయి. విరిగిన అభ్రకం ముక్కల్ని నూరి కాయితంలా చెయ్యడం నేర్చుకున్నాక పెద్ద రేకులకి ఆ గిరాకీ లేకపోయింది. గనులు వొక్కొక్కటే మూతపడ్డాయి. అవ్వ చేటలోకి పాట వచ్చింది, వాళ్ళ చేతుల్లోంచి కూలి పోయింది. రెండూ వొక్క వస్తువు చేసిన పనే. దీనికి మార్కులెలా వెయ్యాలో నాకు తెలియదు.

యిక పొయ్యి సంగతి చెప్పకపోతే యీ చరిత్ర సగమే అవుతుంది. అది మొదలైంది కూడా పొయ్యి దగ్గర కాదు, లాంతరు దగ్గర. ఉదయగిరికి తూర్పున కలిగిరి మండలంలో దూబగుంట అనే వూరుంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా వుద్యమం నెల్లూరు జిల్లాలో వూరూరా రాత్రిబళ్ళు పెట్టింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు పలకలు పట్టుకుని దీపం చుట్టూ కూర్చున్నారు. అక్షరాలు దిద్దుతూ వూళ్ళో సంగతులు మాట్లాడుకున్నారు. వూళ్ళో సంగతంటే సారాయే కదా! కూలి డబ్బులు యింటికి రాకముందే సారాకొట్టు తినేస్తోంది. రోశమ్మా, ఆమెతోటి ఆడవాళ్ళూ లేచి కొట్టు మూయించారు. ఆ కథనే "ఆడవాళ్ళు ఏకమైతే" అని పాఠంగా రాస్తే తక్కిన వూళ్ళ రాత్రిబళ్ళలో చదువుకున్నారు. చదివి వూరుకోలేదు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలే జరగనివ్వలేదు. 1993లో ప్రభుత్వం సారాయి నిషేధించింది. రోశమ్మ 2016లో పోయారు.

యిందులో వస్తువులేమున్నాయంటారా? వొక పలక, వొక లాంతరు. నా లెక్కలో మా జిల్లాకి వచ్చిన వస్తువులన్నిటిలోకీ పనికొచ్చినవి ఆ రెండే. వాటికి సమీక్ష రాసిన విలేకరి ఎవరూ లేరు గాని.

సారాకొట్టుకి పోకుండా మిగిలిన డబ్బు ఏం చేసుకోవాలి? అదే జిల్లాలో పొదుపులక్ష్మి అని రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. ఆ సంఘాలూ, డ్వాక్రా సంఘాలూ పెరిగాయి. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు గాసు కనెక్షన్లు ఆ సంఘాల ఆడవాళ్ళ పేరుమీదే యిచ్చారు. డిపాజిట్టు ప్రభుత్వం కట్టింది, స్టవ్వు కొనుక్కోవడం వాళ్ళ వంతు. రేడియో పుస్తకం మా తాత పేరుమీద, గాసు పుస్తకం సంఘం ఆడమనిషి పేరుమీద. యీ రెండు పుస్తకాల మధ్య నా లెక్కన యాభై ఏళ్ళ చరిత్ర వుంది.

మరీ మురిసిపోకండి. సిలిండరు అయిపోయాక మళ్ళీ నింపించాలంటే వొక్కసారిగా అంత డబ్బు కావాలి. కట్టెలు చేలో వూరికే దొరుకుతాయి. అంచేత చుట్టాలొచ్చినప్పుడు గాసు, మామూలు రోజుల్లో పొగ. గాసుస్టవ్వుకి పసుపూ కుంకుమా పెట్టి, పక్కనే మూడు రాళ్ళ పొయ్యి వూదుకుంటున్న యిళ్ళు నేనే చూశాను. వస్తువు యింట్లోకి రావడం వొకటి, దాన్ని ఆడించే స్తోమత వుండడం యింకొకటి. నేను రాసే సమీక్షల్లో మొదటిదే వుంటుంది, రెండోది వుండదు.

అత్త అటక ఎక్కించి చూపించింది. గోనెసంచి వుంది, గరిటెలు లేవు. చెదలు తినేశాయి. ఆ పాపం కొంచెం నాది కూడా, అటక గుర్తుచేసి ఆశపెట్టాను గనక. పోయిన శీతాకాలం ఉదయగిరి బస్సెక్కాను.

మారిపోయిందేమోననుకున్నాను గాని, వసారా అలాగే వుంది. వొకామె ఆకురాయితో గరిటె కాడ అరగదీస్తోంది. పక్కన నేతిచెంచా నుంచి అన్నం వడ్డించే హస్తం దాకా పేర్చి వున్నాయి. యీ గరిటెలకి యిప్పుడు ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు కూడా వుంది, అంటే యింకెక్కడో చేసి ఉదయగిరివని అమ్మడానికి వీల్లేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. "గుర్తింపొచ్చింది గాని కర్ర రావడమే కష్టంగా వుండాది మేడమ్. అడివిలో కొట్టనీరు కదా" అంది. అది న్యాయమే, యిదీ న్యాయమే.

"నాన్‌స్టిక్కులకే తీసకపోతా వుండారు ఎక్కువ. అంచు గుండ్రంగా వుండాలంటారు. ముందు మేం మొన తేలేట్టు చేసేవాళ్ళం, అడుగంటింది గీకేదానికి. యిప్పుడు అడుగంటేది లేదు గదా" అని నవ్వింది.

ఎక్కడో ఫ్రాన్సులో కొలెట్ బాణలి కోసం, ఉదయగిరి వసారాలో గరిటె అంచు గుండ్రమైంది! అత్తకి రెండు, నాకు నాలుగు ఏరుకున్నాను. మీ పిన్నికో, కోడలికో కూడా తీసుకోమని ఆమె యింకొకటి చేతిలో పెట్టింది. నేనూ కాదనలేదు.

గోడకి అంకెల గళ్ళ బొమ్మ అంటించి వుంది, ఫోనుతో డబ్బు కట్టడానికి. పక్కనే ఆమె ఫోను, అద్దం పగిలి వుంది. అలవాటుకొద్దీ చేతిలోకి తీసుకుని తిరగేశాను. మూడేళ్ళ కిందట నేనే మార్కులు వేసిన ఫోను. మంచి మార్కులే వేసినట్టు జ్ఞాపకం.

"యిది మీదేనా అక్కా?"

"నాదే. పోయిన రంజానుకి కొన్నాను, గరిటెల డబ్బుతోనే."

"అయితే యిందులో పడే డబ్బు మీ ఖాతాలోకే వస్తుందా?"

ఆమె ఆకురాయి ఆపి, చెంగుతో చేతి పొడి దులుపుకుంది.

"ఫోను నాదే మేడమ్. సిమ్ము మా అబ్బాయి పేరుమీద వుండాది. ఖాతా కూడా వాడిదే. సాయంత్రం వాణ్ణడిగితే యిస్తాడు."

నేను ఫోను కింద పెట్టి, సంచీలో నోట్లు వెతుక్కున్నాను.